న్యూఫౌండ్ అమ్మవారు

నంద్యాలలో బ్యాంకు పరీక్షలకు ఇంగ్లీషు చెప్పి బతుకుతున్నదాన్ని నేను. పొద్దున్నే ఆళ్లగడ్డలో బస్సెక్కుతాను. శిరివెళ్లలో ఎక్కే జనం నా కాళ్ళు తొక్కుతారు, నేను వాళ్ళ కాళ్ళు తొక్కుతాను, లెక్క సరిపోతుంది. నంద్యాలలో దిగి అరవైమంది ముందు నిలబడి రోజుకు పది మాటలు చెప్తాను. మాట, అర్థం, వాడుక, ఒక వాక్యం. అంతకంటే ఎక్కువ చెప్తే మా వాళ్ళు నిద్రపోతారు.

ఆ రోజు మాట న్యూఫౌండ్. కొత్తగా దొరికిన, ఈమధ్యే బయటపడిన అని బోర్డు మీద అర్థం రాశాను. విశేషణం అని చెప్పాను. స్నేహం, ధైర్యం, స్వేచ్ఛ, ఇలాంటివాటి ముందు వచ్చి కూర్చుంటుందని చెప్పాను. ఇక మీరు వాక్యాలు రాయండి అని కుర్చీలో కూలబడ్డాను. పది నిమిషాల తర్వాత పుస్తకాలు చూస్తే ముందు బెంచీ మహానుభావుడు ఒకడు, మా నాన్న నాకు న్యూఫౌండ్ బైకు కొనిచ్చాడు అని రాశాడు. నాకు ఒళ్ళు మండింది.

"షోరూములో దుడ్లు పెట్టి కొన్నదాన్ని దొరికింది అంటారా నాయనా? రోడ్డు మీద దొరికింటే ఆ బైకు ఎవురిదో పోయి ఇచ్చేసి రా," అన్నాను. "దొరకాలంటే అది అంతకుముందే యాడో ఒకచోట ఉండాల. నీకు తెలియకుండా ఉండాల. వస్తువు కొత్తది కాదు, దొరకడం కొత్త. అర్థమైందా?"

అరవై తలలు ఊగాయి. ఊగిన తలల్ని నమ్మడం నేను ఎప్పుడో మానేశాను. అప్పుడు కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి చెయ్యెత్తింది. దొర్నిపాడు అవతల ఒక చిన్న పల్లె ఆ పిల్లది.

"మేడమ్, మా ఊర్లో పోయిన వారం అమ్మవారు దొరికింది. న్యూఫౌండ్ గాడెస్ అనొచ్చా?"

"అనొచ్చు. అంతకుముందు తప్పిపోయినాదా ఏంది ఆమె?"

క్లాసంతా నవ్వింది కానీ ఆ పిల్ల నవ్వలేదు. వానొస్తే పారే వాళ్ళ ఊరి వంక పక్కన నీటికుంట తవ్వుతుంటే జేసీబీకి బోర్లా పడుకున్న నల్లరాతి విగ్రహం తగిలిందట. ఐదు వందల ఏళ్ళ నాటిదని ఊరు ఊరంతా కూర్చుని ఒక్క సాయంత్రంలో తేల్చేసిందట. ఇప్పటివాళ్ళకు ఇలాంటి పని చేతకాదని అందరూ అంటున్నారట. ఈ శుక్రవారం సిమెంటు పీఠం కట్టి అమ్మవారిని నిలబెట్టేస్తారట. ఫ్లెక్సీ మీద వేయడానికి ఇంగ్లీషులో రెండు ముక్కలు కావాలని అడిగింది. న్యూఫౌండ్ అన్న మాట పెట్టి రాసిచ్చాను. బదులుగా ఫోటో పంపింది.

ఫోటో తెరిచి చూశాను. పసుపు, కుంకుమ, మెడలో నిమ్మకాయల దండ. కింది పెదవి కాస్త ముందుకు వచ్చి, ఎడమ కనుబొమ్మ పైకి లేచి ఉంది, ఎదుటివాడు చెప్పేదంతా అబద్ధమని ముందే తెలిసినట్టు. ఆ కనుబొమ్మ నేను పుట్టినప్పటి నుంచీ ఎరుగుదును. అది మా మేనత్తది. శిరివెళ్లలో ఉంటుంది. డెబ్బై ఏళ్ళు దాటాయి. ఆమె బజారుకు వస్తే కూరగాయలవాళ్ళు తక్కెడ సరిచేసుకుంటారు.

ఇంటికి వచ్చి ముందుగా మా అమ్మకు ఫోటో చూపించాను. మా అమ్మకు ఆడపడుచు మొహం చీకట్లో కూడా తెలుస్తుంది.

"ఇదేందే, మీ అత్తకు నిమ్మకాయలు ఏసినారు?" అంది.

మా నాయన అన్నం తింటున్నాడు. ఫోను తీసుకుని చూశాడు. చూసి, ఫోను కింద పెట్టి, సగం అన్నం ఉండగానే పళ్లెంలో చెయ్యి కడిగేసుకున్నాడు. మెతుకు వదిలితే ఊరుకునే మనిషి కాదు ఆయన.

"బోర్లా ఉండిందంటనా?" అని అడిగాడు.

"అవును. నీకెట్ల తెలుసు?"

"నేనే కదమ్మా బోర్లా పండబెట్టింది."

మా నాయన రాతిపని చేస్తాడు. ఆళ్లగడ్డలో ఇది వింతేమీ కాదు, రోడ్డు పొడవునా శిల్పాల షెడ్లే. దేశంలో ఎక్కడెక్కడి గుళ్ళకో దేవుళ్ళు ఇక్కడినుంచే లారీ ఎక్కుతారు. కానీ మా నాయన దేవుళ్ళను చెయ్యడు. పీఠాలు చేస్తాడు, మెట్లు చేస్తాడు, స్తంభాలు చేస్తాడు. నందికి కూడా ఒళ్ళంతా చేసి మూతి దగ్గరికి వచ్చేసరికి ఉలి పక్కన పెట్టి ఇంకొకరిని పిలుస్తాడు. "నేను మొహాలు చెయ్యను" అంటాడు. నా చిన్నప్పుడు బడిలో వినాయకచవితికి మట్టి వినాయకుణ్ణి తెమ్మంటే బొజ్జ, తొండం, ఎలుక అన్నీ బ్రహ్మాండంగా చేసిచ్చి మొహం నున్నగా వదిలేశాడు. నేను స్కెచ్ పెన్నుతో కళ్ళు గీసుకుని పోయాను. ఒక కన్ను పెద్దది అయింది. బడంతా నవ్వింది. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది.

మా నాయన మొహాలు ఎందుకు చెయ్యడో ఆ రోజు అన్నం పళ్లెం ముందు తెలిసింది, నలభై ఏళ్ళు వచ్చాక.

ఆయనకు ఇరవై రెండేళ్ళప్పుడు గురువు దగ్గర పని నేర్చుకుంటున్నాడు. గురువు సున్నిపెంట వైపు పనికి పోయి నెలల తరబడి రాలేదు. ఆలోపు ఒక అమ్మవారి విగ్రహం కావాలని ఎవరో వచ్చారు. మా నాయన ఒప్పుకున్నాడు. రాయిని తానే ఎంచాడు. రాయిని ఎంచడమంటే చూసి ఎంచడం కాదు, విని ఎంచడం. సుత్తితో తట్టి వినాలి. కంచుగిన్నె లాగా సన్నగా మోగేది ఆడరాయి, అది అమ్మవార్లకు. గుడి గంట లాగా బరువుగా మోగేది మగరాయి, అది దేవుళ్ళకు. అసలు మోగనిది మూగరాయి, అది మెట్లకు. మా నాయన విన్నాడు, ఆడరాయే అనుకున్నాడు. రోజూ అన్నం క్యారియరు తెచ్చే అక్క మొహం చూసుకుంటూ ఆ మొహం చేశాడు.

గురువు తిరిగి వచ్చాడు. విగ్రహం చుట్టూ ఒకసారి తిరిగాడు, వీపు మీద సుత్తితో తట్టాడు. "మగరాయిరా ఇది" అన్నాడు. మగరాతిలో అమ్మవారిని చేస్తే పూజకు పనికిరాదు. "నీకు చెవి లేదు. చెవి లేనోడు మొహం చెయ్యకూడదు" అన్నాడు. ఎద్దుల బండి మీద దూరంగా తీసుకుపోయి పూడ్చి రమ్మన్నాడు. మా నాయన వంక పక్కన తానే గుంత తవ్వి, తానే పండబెట్టి, మట్టి కప్పి వచ్చాడు. అక్క మొహం మీద మట్టి వెయ్యలేక బోర్లా తిప్పాడట. అప్పటినుంచి దొర్నిపాడు బస్సు ఎక్కలేదు.

"నువ్వు మళ్ళా తట్టి వినలేదా?" అని అడిగాను.

"ఆయప్ప అట్ల అన్న్యాక నా చెవిని నేను యాడ నమ్మేదమ్మా?" అన్నాడు. ఎంగిలి పళ్లెం పక్కకు నెట్టి, "ఒకసారి వినల్ల" అన్నాడు. "శుక్రవారం సిమెంటు పోసినారంటే రాయి ఇంక మోగదు. ఆలోపే వినల్ల."

నలభై ఆరేళ్ళు ఆయన చెవి దోషిగా బతికింది. దానికి విచారణ పెట్టుకోవడానికి మూడు రోజుల గడువు ఉంది. ఊరు మొక్కుతున్న అమ్మవారిని సుత్తితో కొట్టాలి. పట్టుబడితే ఆ ఊరివాళ్ళు మమ్మల్ని కొడతారు. అంతే సంగతి.

అత్తకు ఫోటో పంపి విషయం చెప్పాను. ఫోటో చూసి ఆమె అన్న మొదటి మాట, "నాకంటే రవ్వంత లావు చేసినాడు." రెండో మాట, "రేపు నేనూ వస్తా."

బుధవారం క్లాసు ఎగ్గొట్టి ఇద్దరినీ తీసుకుని బయలుదేరాను. చిన్న సుత్తి నా హ్యాండ్‌బ్యాగులో, బ్యాంకు పరీక్షల నోట్సు మధ్యలో పడుకుంది. పల్లెకు చేరేసరికి షామియానా, బొరుగుల అంగడి, ట్రాక్టర్లలో వచ్చిన జనం. నేను రాసిచ్చిన ఇంగ్లీషు ఫ్లెక్సీ ఎక్కి ఊరి మొదట్లోనే స్వాగతం చెప్పింది. ఒక్క తప్పు లేకుండా వేశారు, అది మాత్రం నిజంగా మహిమే. షామియానా కింద రెండు చెక్కదుంగల మీద అమ్మవారిని నిలబెట్టి, పడకుండా మోకుతో వెనక గుంజకు కట్టారు. చుట్టూ నాలుగు స్పీకర్లు. చెవులు పగిలేలా పాటలు.

మా నాయన చెవులకు చేతులు అడ్డం పెట్టుకున్నాడు. "ఈ మోతలో ఏం వినపడతాది?" అన్నాడు.

వరుసలో నిలబడ్డాం. మా వెనక ఉన్న ముసలమ్మ అమ్మవారిని చూసింది, మా అత్తను చూసింది, మళ్ళీ అమ్మవారిని చూసింది.

"అమ్మవారు అచ్చం నీ మాదిరే ఉండాది గదమ్మా!" అంది.

"యాడ, ఆమె లావు," అంది అత్త.

వరుస ముందుకు జరిగింది. అత్త తమ్ముడి మొహం చూసింది. నా చేతిలో బ్యాగు చూసింది. స్పీకర్లు చూసింది. తర్వాత నోరు బార్లా తెరిచి పెద్దగా ఆవులించింది. మా వైపు పూనకానికి ముందు ఆవులింతలు వస్తాయి. అది తెలిసిన నలుగురు వెంటనే పక్కకు జరిగారు. రెండో ఆవులింతకు అత్త జుట్టు ముడి ఊడింది. మూడోదానికి చేతులు రెండూ పైకి లేచాయి.

"ఆపండ్రా ఆ మైకు! నా చెవులు పోతాండాయ్!" అని అరిచింది.

ఉత్సవ కమిటీ పెద్ద ఒకాయన పరుగెత్తుకుపోయి ప్లగ్గు పీకేశాడు. ఒక్కసారిగా నిశ్శబ్దం. జనమంతా అత్త చుట్టూ మూగారు. ఎవరో వేపమండలు తెచ్చారు, ఎవరో పసుపునీళ్ళు తెచ్చారు.

"ఎవురు తల్లీ నువ్వు? ఏం కావాల నీకు?" అని కమిటీ పెద్ద చేతులు జోడించి అడిగాడు.

అత్త ఇంతవరకే ఆలోచించుకుని ఉన్నట్టుంది. ఒక్క క్షణం తడబడింది. "పెరుగన్నం!" అంది.

పెరుగన్నం కోసం ఇద్దరు పరుగెత్తారు. నేను బ్యాగులోంచి సుత్తి తీసి మా నాయన చేతిలో పెట్టాను. ఆయన అమ్మవారి వెనక్కి పోయాడు. ఆమెకు కట్టిన చీర చెంగు పక్కకు జరిపి, ఎడమ భుజం మీద అరచెయ్యి ఆనించి, నిమిరాడు. కొట్టు నాయనా, బేగా కొట్టు అని లోపల అరుస్తున్నాను. చెయ్యి తీశాడు. తట్టాడు.

ఖణ్‌మని మోగింది.

సన్నగా, తీయగా, చాలాసేపు మోగింది. రాళ్ళ గురించి నాకు ఏమీ రాదు. కానీ మా ఇంట్లో కంచుగిన్నె కిందపడితే ఎలా మోగుతుందో నాకు తెలుసు. ఆయన ఇంకోసారి తట్టాడు. మూడోసారి కూడా తట్టాడు, అప్పటికి కళ్ళు మూసుకుని ఉన్నాడు.

జనం ఉలిక్కిపడి ఇటు తిరిగారు. "అమ్మ పలికింది!" అని ఎవరో ఏడుపు గొంతుతో అన్నారు. కమిటీ పెద్ద మాత్రం సుత్తిని చూశాడు.

"ఏయ్ పెద్దాయనా! ఏందప్పా నువ్వు చేస్తాండేది? అమ్మవారి మీద సుత్తి ఎత్తుతావా?"

నలుగురు మా నాయన మీదికి కదిలారు. అప్పుడు అత్త ఒక కేక పెట్టింది. ఆ కేకలో నటన ఎంతో, నిజమెంతో నాకు ఇప్పటికీ తెలియదు.

"ముట్టుకోవాకండ్రా వాన్ని! నన్ను చేసిన చెయ్యిరా అది!"

అంతే, అందరూ ఆగిపోయారు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది ఆమె. ఒక్కరికీ అర్థం కాలేదు, అందరూ చేతులు జోడించారు. కమిటీ పెద్ద మా నాయన నుదుటిన కుంకుమ పెట్టి, చేతిలో రెండు అరటిపండ్లు పెట్టాడు. ఆ మొహానికి ఆయన అందుకున్న కూలి అదే. అత్తకు పెరుగన్నం వచ్చింది. కడుపునిండా తిని శాంతించింది.

ఊరి బయట ఆగి ఉన్న ట్రాక్టరు పక్కన మా నాయన కూలబడ్డాడు. అరటిపండ్లు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాడు. ఆయన ఏడవగా నేను చూడటం అదే మొదలు.

"ఆడరాయేమ్మా," అన్నాడు. "ఆడరాయే. నాకు చెవి ఉండింది."

తర్వాత గురువును తిట్టడం మొదలుపెట్టాడు. ఇంట్లో చీమను కూడా తిట్టని మనిషి. ఆ తిట్లు నేను ఇక్కడ రాయను, నా దగ్గర చదువుకునే పిల్లలు ఇది చూసే ప్రమాదం ఉంది. చచ్చి ఇరవై ఏళ్ళయిన మనిషి ఎక్కడున్నాడో కానీ ఆ పూట ఆయనకు తప్పకుండా పొలమారి ఉంటుంది.

"కుళ్ళు రా వానికి," అంది అత్త జుట్టు ముడి వేసుకుంటూ. "ఆ మొహం చూసి కుళ్ళుకున్న్యాడు."

"కుళ్ళో, చెవుడో," అన్నాడు నాయన. "నలభై ఆరేండ్లు మెట్లు చేసినా నేను."

నాకు కోపం ఆగలేదు. "పదండి, పోయి చెప్దాం. ఐదు వందల ఏండ్లు కాదు, ఏమీ కాదు, ఈ మనిషి చేసినాడని చెప్దాం. ఇప్పటివాళ్ళకు చేతకాదంట!" అన్నాను.

మా నాయన కళ్ళు తుడుచుకున్నాడు. "చెప్తే ఏమైతాది? రాయలకాలం బొమ్మ కాదని తీసి పక్కన పండబెడ్తారు. ఒకసారి పండబెట్టినాం, చాలు. నిలబడనీ," అన్నాడు. అత్త కూడా ఊరుకొమ్మంది. తన మొహానికి రోజూ హారతి పడుతుంటే ఆమెకేం నష్టం?

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని అడిగాడు. "ఆ ఫ్లెక్సీ మీద నువ్వు రాసిన మాటకు అర్థం ఏందమ్మా?"

"కొత్తగా దొరికింది అని."

"కొత్తదా?"

"కొత్తది కాదు నాయనా. ఎప్పటినుంచో ఉండేదే. ఇప్పుడు చేతికి దొరికింది."

ఊ అన్నాడు. ఒక అరటిపండు ఒలిచి నాకు సగం ఇచ్చాడు.

మర్నాడు క్లాసులో న్యూఫౌండ్ మాటకు ఇంకో వాక్యం కావాలని అడిగారు. మా నాన్నకు ఒక న్యూఫౌండ్ శత్రువు దొరికాడు, ఆయన చచ్చి ఇరవై ఏళ్ళయింది అని ఇంగ్లీషులో రాశాను. బైకు మహానుభావుడు లేచి, "మేడమ్, మంచివాటి ముందే వస్తాదని చెప్పినారు గదా?" అన్నాడు.

"మా ఇంట్లో దేనిముందైనా వస్తాది. కూర్చో," అన్నాను.

శుక్రవారం అక్కడ సిమెంటు పోసి అమ్మవారిని నిలబెట్టారు. శనివారం పొద్దున నాకు టంగ్ టంగ్ మన్న చప్పుడుకు మెలకువ వచ్చింది. మా నాయన షెడ్డు ముందు ఉన్న రాళ్ళన్నిటినీ వరసగా తడుతున్నాడు. ఒకదాన్ని తట్టి వింటాడు, తల అడ్డంగా ఊపుతాడు, ఇంకోదాని దగ్గరికి పోతాడు. మా అమ్మ గుమ్మంలో నిలబడి, ఈ మనిషికి ఏమైందే, పొద్దున్నే వీధి వీధంతా లేపుతాండాడు అని నన్ను అడుగుతోంది. చివర్లో గోడ పక్కన, నడుము ఎత్తు నల్లరాయి దగ్గర ఆగాడు. నాలుగైదుసార్లు తట్టాడు. దాని మీద తడి గోనె కప్పి, "దీన్ని ఎవురికీ ఇయ్యొద్దు. మొహం నేనే చేస్తా," అన్నాడు.

మా అమ్మ గుమ్మం దిగి వచ్చి ఆ గోనెను సరిగ్గా కప్పింది. తర్వాత, "మళ్ళా మీ అక్క మొహం చేసినావంటే ఇంట్లోకి రానీను," అంది. కొంగుతో కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

నేను తయారై బ్యాగు భుజానికి తగిలించుకుని బయటికి వచ్చేసరికి ఆయన చేతిలో సుద్దముక్క పట్టుకుని ఉన్నాడు. నన్ను పైకీ కిందికీ చూశాడు.

"ఈడ కూర్చో," అన్నాడు.

"నాకు బస్సు టైమయింది నాయనా."

"పోనీ బస్సు. మొహం రవ్వంత ఇట్ల తిప్పు."

నాకు బడికి తీసుకుపోయిన, ఒక కన్ను పెద్దదైన ఆ వినాయకుడు గుర్తొచ్చాడు. బ్యాగు కింద పెట్టి, పీఠం కోసం చెక్కి పెట్టిన రాయి మీద కూర్చుని, మొహం ఆయన చెప్పినవైపు తిప్పాను. ఆ రోజు క్లాసుకు పోలేదు.